గొంతుకు పెట్టిన బొట్టు

ప్లేయరు మూత విప్పగానే తంగరాజు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. లోపల బల్లి కాపురం చేసి పోయింది. పగిలిన గుడ్ల పెంకులు సర్క్యూటు మీద వేరుసెనగ పొట్టులా పడి ఉన్నాయి. వాటి పక్కన బొద్దింకల రెట్ట, ఎవరిదో పొడవాటి తల వెంట్రుక ఒకటి చుట్టలు చుట్టుకుని. ట్రేను లోపలికీ బయటికీ నడిపే రబ్బరు బెల్టు ఎండలకు కరిగి, నల్లటి జిగురై చక్రానికి అంటుకుపోయింది. ఆ జిగురు వేలికి తగిలితే ఎన్ని సార్లు సబ్బు పెట్టినా రాత్రి అన్నంలో దాని వాసన వస్తుంది.

ఊపిరి బిగబట్టి, చీపురు పుల్లకు దూది చుట్టి, జిగురును కొంచెం కొంచెంగా గీకసాగాడు. ప్రతిసారీ దూదిని కాగితంలో చుట్టి, ఆ కాగితాన్ని మరో కాగితంలో చుట్టి బుట్టలో వేశాడు. తర్వాత లేచి చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

ఆయనకు యాభై దాటి చాలా కాలమైంది. పొడుగాటి మనిషి. మెడ సన్నం. గోళ్ళు చర్మం దాకా కత్తిరించి ఉంటాయి. కడిగి కడిగి చేతులు మోచేతుల దాకా తెల్లబడి, అక్కడినుంచి పైన మామూలు చామనచాయగా ఉంటాయి. దూరం నుంచి చూసినవాళ్ళకు చేతులకు తొడుగులు వేసుకున్నట్టు కనబడుతుంది.

తిరుత్తణి బస్టాండు వెనక సందులో ఉంది ఆ స్టూడియో. ముందు భాగంలో ఫొటోలు తీస్తారు. వెనక గదిలో, కిటికీ లేని చోట, తంగరాజు పాత సీడీలనూ డీవీడీలనూ ఫోన్లలోకి ఎక్కిస్తాడు. సందు మొదట్లో గోడకు దేవుళ్ళ బొమ్మలు అతికించినా జనం అక్కడే నిలబడి ఉచ్చ పోస్తారు. ఆ వాసన ఫ్యాను గాలిలో కలిసి మధ్యాహ్నానికి గదంతా నిండుతుంది. నిన్న కృత్తిక, కొండ మీది స్వామికి పండుగ రోజు. కొండ మీద గుండ్లు చేయించుకుని చందనం పూసుకున్న జనం ఈ పొద్దు కూడా దిగుతూనే ఉన్నారు. స్టూడియో ముందు ఆగి, అద్దంలోపలి పెళ్ళిఫొటోలు చూద్దామని తల ఆనిస్తారు. వాళ్ళు పోయాక అద్దం మీద గుండ్రటి పసుపుపచ్చ మరకలు, వాటి నడుమ చెమట. పొద్దుట్నుంచి ఆయన రెండు మాట్లు తుడిచాడు. ఇంక తుడవదలుచుకోలేదు.

ఒకప్పుడు ఆయన చాలా శుభ్రమైన చోట బతికాడు. తిరువళ్ళూరు బయట సీడీలు అచ్చువేసే కర్మాగారం ఒకటి ఉండేది. పెళ్ళికి ముందే అందులో చేరాడు. కరిగిన ప్లాస్టిక్కు రెండు అచ్చుల మధ్యకు వచ్చి, క్షణంలో గాజులాంటి పలకై బయటపడేది. దాని మీద వెండిరంగు పొర, పొర మీద పలచటి వార్నీషు. నలుసు పడితే డిస్కు చెడినట్టే కాబట్టి అందరూ పాదాల నుంచి తల దాకా తెల్ల ముసుగులు వేసుకునేవారు. అక్కడ దగ్గడం కూడా తప్పే. ఆ గదిలో ఉన్నంతసేపూ లోకంలో చెమట ఉందనీ ఉమ్ము ఉందనీ ఆయనకు గుర్తుండేది కాదు. జనం పాటలు ఫోన్లలో వినడం మొదలుపెట్టాక కర్మాగారం మూతపడింది. ఇప్పుడది కోళ్ళ దాణా గోడౌను. తిరువళ్ళూరులోని ఇంటి నుంచి రోజూ రైల్లో వచ్చి పోయేటప్పుడు ఆ వైపు చూడకుండా ఉండటానికి ఆయన అవతలి పక్క కిటికీ దగ్గర కూర్చుంటాడు.

ఇక్కడ చేరాక ఆయనకు మరో అసహ్యం పట్టుకుంది. ఏ పెళ్ళి వీడియోలోనైనా భోజనాల ఘట్టం తప్పదు. కెమెరావాడు లైటు పట్టించుకుని పంక్తి పొడుగునా నడుస్తాడు. లైటు పడిన ప్రతి మనిషీ నోట్లో ముద్దతో తల ఎత్తుతాడు. నమలాలో ఆపాలో తెలియదు. మీసానికి మజ్జిగ, పెదవి చివర అప్పడం ముక్క, పాయసంలోకి దిగిన మణికట్టు. ఎన్ని ఊళ్ళ నోళ్ళు చూశాడో లెక్క లేదు. రానురాను నలుగురిలో కూర్చుని తినడం మానేశాడు. బంధువుల ఇళ్ళలో మంచినీళ్ళు కూడా తాగడు. భార్య శోభన ఆయన స్టూడియో బట్టలకు వేరే బకెట్టు పెట్టింది, అన్నం విడిగా వడ్డించడం మొదలుపెట్టింది. సందు చివర టీ కొట్టువాడు ఆయన గ్లాసును చెప్పకుండానే వేడినీళ్ళతో రెండోసారి కడిగి ఇస్తాడు. ఇలాంటివి జరుగుతున్నాయని తంగరాజుకు తెలుసు. తెలిసినట్టు కనబడడు.

పదకొండు దాటాక వచ్చింది మునెమ్మ.

కనకమ్మసత్రం నుంచి బస్సులో వచ్చింది. పొట్టి మనిషి, నెరిసిన ముడి, భుజాన గుడ్డసంచి. గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, సంచిలోంచి పసుపు గుడ్డ మూట తీసి, రెండు చేతులతో చాపింది.

"అయ్యా, దీన్ని పాడించల్ల."

తంగరాజు చేయి చాపలేదు. స్టీలు పళ్ళెం ముందుకు జరిపాడు. "దీంట్లో పెట్టక్కా."

మూట విప్పితే లోపల సీడీ. నడిమి చిల్లులోంచి దారం గుచ్చి ఉంది, గోడకు తగిలించడానికి. పై ముఖం మీద పసుపు, దాని మీద చందనం, దాని మీద కుంకుమ, పొర మీద పొర, గట్టిపడి, నెర్రెలు విచ్చి, నెర్రెల్లో ఊదొత్తి బూడిద. అంచున చచ్చిన చీమలు రెండు దీపం నేతిలో అంటుకుని ఉన్నాయి. ముక్కిపోయిన నెయ్యి వాసన వచ్చింది. తంగరాజు పళ్ళేన్ని కొంచెం అవతలికి నెట్టాడు.

"ఏందక్కా ఇది? సీడీనా, హారతి పళ్ళెమా?"

"సీడీనే. మా ఆయన గొంతు."

"గొంతుకు ఈ అలంకారమంతా ఎవురు చేసినారు?"

"నేనే. శుక్రవారం శుక్రవారం." ఆమె చాలా మామూలుగా చెప్పింది. "ఫొటోలో ఆయన మొకం ఉండాది, దీంట్లో గొంతు ఉండాది. మొకానికి పెట్టి గొంతుకు పెట్టకుంటే ఎట్లయ్యా?"

తంగరాజు కూర్చోమని స్టూలు చూపించాడు.

ఆమె భర్త రామానుజం కూలిపని చేసేవాడు. ద్రౌపదమ్మ తిరునాళ్ళలో వేసే వీధినాటకంలో మాత్రం దుర్యోధనుడు. ఒక ఏడు ఆ కూత్తును ఎవరో వీడియో తీసి సీడీ చేసి ఇచ్చారు. తర్వాత ఆయన కామెర్లతో పోయాడు. ఆపైన ప్లేయరూ పోయింది. గొంతు దాంట్లోనే ఉందిలే, ఎక్కడికి పోతుందని ఆమె డిస్కును ఫొటో పక్కన మేకుకు తగిలించింది.

"ఇన్నేండ్లు లేనిది ఇప్పుడెందుక్కా?"

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. ఆ వేలి గోరు కింద పసుపు పేరుకుని ఉంది. ముక్కుపొడి పీల్చే అలవాటు కూడా ఉన్నట్టుంది, పై పెదవి గోధుమరంగుగా ఉంది. తంగరాజు చూపు గోడ వైపు తిప్పుకున్నాడు.

"మొన్న పొయ్యి కాడ కూసోని ఉంటే, ఆయన నన్ను ఎట్ల పిలిచేదీ అని అనుకున్నా. రాలే. పేరు ఉండాది, మునీ అని. గొంతు రాలే. ఎంత తన్నుకున్నా నా గొంతే వస్తా ఉండాది." పళ్ళెంలోని డిస్కును చూపించింది. "దీంట్లో ఒక చోట పిలస్తాడు. యుద్ధంలో ఓడిపోయి మడుగులో దాక్కుంటాడు గదా దుర్యోధనుడు, ఆడ. పాడతా పాడతా గొంతు ఎండిపోయి, మునీ, నీళ్ళు తే అన్నాడు. మడుగులో ఉండేవాడికి నీళ్ళంట. ఊరంతా నవ్వింది. చెంబు ఎత్తుకోని అంతమంది నడుమ పోయేసరికి నా ప్రాణం పోయింది. ఇంటికి పోయి బాగా తిట్టినా." ఆమె నవ్వింది. "పాటలు వద్దయ్యా. మొకం గూడా వద్దు, ఫొటో ఉండాది. ఆ పిలుపు ఒకటి సాలు."

తంగరాజు చిన్న పట్టకారుతో డిస్కు అంచు పట్టి ఎత్తి ట్యూబులైటుకు అడ్డంగా పెట్టాడు. చిల్లు చుట్టూ, అంచున నాలుగు దిక్కులా, బొట్టు పెట్టిన చోటల్లా వెలుతురు ఇటునుంచి అటు కారుతోంది. వెండి పొరను బొట్టు తినేసింది. ఏళ్ళ తరబడి ఆమె వేలు గురి తప్పకుండా అవే చోట్ల దిగింది.

"డీవీడీ అయ్యుంటే బతికేదక్కా. దానికి రెండు పలకల నడుమ ఉంటాది ప్రాణం. సీడీకి అట్ల కాదు. వీపు మీదనే, వార్నీషు కిందనే. నువ్వు బొట్టు పెట్టిందంతా ప్రాణం మీదనే."

మునెమ్మ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. "మెరిసే పక్క గీచుకుంటాదని, ఆ పక్క వేలు గూడా పెట్టలేదయ్యా. జాగర్తగా ఈ పక్కనే పెట్టినా."

మెరిసే వైపు నిజంగానే ఒక్క గీత లేదు. ఇంత శుభ్రమైన అడుగు ఆయన కర్మాగారం వదిలాక చూడలేదు. ఆకుపచ్చ నీలం కలిసిన ఆ రంగులో తన ముఖం కనబడింది. మూతి వంకరగా ఉంది. తన ముఖం ఎప్పుడూ అట్లాగే ఉంటుందా అనుకున్నాడు.

"చూస్తా. మాట మాత్రం ఇయ్యలేను."

గుమ్మం దగ్గర నీడ పడింది. హర్షవర్ధన్. స్టూడియో యజమాని. తండ్రి పోయాక దుకాణం ఆ అబ్బాయి చేతికి వచ్చింది. గడ్డం నూనె రాసి దువ్వుకుంటాడు. ఇంతసేపూ బయట నిలబడి విన్నట్టున్నాడు.

"పాటీ, మీ కథ సెమగా ఉంది, సూపర్," అని అవ్వను పలకరించినట్టు మునెమ్మతో అన్నాడు. తర్వాత తంగరాజు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అంకుల్, వస్తే నన్ను పిలవకుండా ప్లే చెయ్యొద్దు. ఫస్ట్ రియాక్షన్ కావాలి నాకు. రెండోసారి ఏడిస్తే ఫేక్‌గా ఉంటాది."

"ఆమెను అడిగినావా?"

"అడిగితే కాన్షస్ అయిపోతారు అంకుల్. చుమ్మా, ఊరికే రెండు నిమిషాలు."

అద్దం ముందు గుండ్రటి లైటు నిలబెట్టడం మొదలుపెట్టాడు. పోయిన నెల ఒక లారీ డ్రైవరు, పోయిన తన కూతురు మొదటి పుట్టినరోజు వీడియో తెచ్చాడు. దాన్ని చూస్తూ ఆయన కూలబడి ఏడిస్తే హర్ష అంతా తీశాడు. ముక్కు కారడం దగ్గర వేగం తగ్గించి, వయొలిన్ పెట్టాడు. వారం తర్వాత సాయంత్రం రైల్లో ఇద్దరు కుర్రాళ్ళు అది చూస్తూ నవ్వారు. ఒకడు ఆ ఏడుపును అచ్చంగా అనుకరించి చూపించాడు. ఆ రోజు తంగరాజు ఇంటికి పోయి నెత్తిన నీళ్ళు పోసుకున్నాడు. బల్లి గుడ్లను పుల్లతో తీసేయొచ్చు. దీన్ని ఎక్కడ పట్టి తీయాలో తెలియలేదు.

ఆమెను టీ కొట్టు బల్ల మీద కూర్చోమని పంపి పని మొదలుపెట్టాడు. రుద్దితే వార్నీషు లేచిపోతుంది. అందుకని నీటి బొట్టు వేసి, నానబెట్టి, దూది అద్ది ఎత్తాడు. కుంకుమ కరిగి దూదికి పాకింది, పుండు కడుగుతున్నట్టు. చీమలను పట్టకారుతో తీశాడు. నెయ్యి వాసన తొడుగుల్లోంచి చేతులకు ఎక్కింది. నడుమ రెండుసార్లు బయటికి పోయి గాలి పీల్చుకుని వచ్చాడు. ఎడమ భుజం పొద్దుట్నుంచి లాగుతోంది. గ్యాసు అనుకుని సోడా తాగాడు.

తర్వాత డ్రైవులు. గోడ బల్ల మీద వరుసగా ఉన్నాయి. ల్యాప్‌టాప్ నుంచి తీసిన పలచటివి, నోరు తెరవకుండా డిస్కును మింగేవి, హర్ష గొప్పగా కొన్న బ్లూరేది. కొత్తవాటికి ఓపిక తక్కువ. బ్లూరేది డిస్కును రెండు సార్లు తిప్పి బయటికి తోసింది. పలచటిది కీచుమని ఊరుకుంది. ప్రతిదీ ఒకే మాట చెప్పింది: డిస్కు లేదు, డిస్కు పెట్టండి. డిస్కు తానేమిటో, తనలో ఎంత ఉందో చెప్పుకునేది చిల్లు పక్కనే. అక్కడే మునెమ్మ అన్నిటికంటే పెద్ద బొట్టు పెట్టింది. ఆ చుట్టు చదవలేకపోతే డ్రైవు దృష్టిలో అసలు డిస్కే లేనట్టు.

చివరికి అడుగున ఉన్న బూడిదరంగు డ్రైవును దించాడు. సీడీలు తప్ప మరేమీ చదవని పాతకాలం సరుకు. దాని మూత మరలు విప్పాడు. బాగున్న సీడీ ఒకటి, నిండా రాసి ఉన్నది, అందులో పెట్టాడు. డ్రైవు దాన్ని చదివి, తృప్తిపడి, తిరగడం ఆపింది. అప్పుడు ట్రే కదలకుండా, డిస్కును నొక్కిపట్టే పై బిళ్ళను వేలితో ఎత్తి, మంచి డిస్కును తీసేసి రామానుజం డిస్కును దాని చోట కూర్చోబెట్టాడు. డ్రైవుకు తెలియదు. తన ముందున్నది ఇందాకటిదే అనుకుంటుంది. ఒకరి పేరు చెప్పి మరొకరిని లోపలికి పంపినట్టు. ఇది కర్మాగారంలో నేర్చింది కాదు. ఇక్కడ, ఈ కంపులో, విసుగులో పుట్టిన ఉపాయం.

డిస్కు తిరిగింది. లెన్సు ముందుకు జరుగుతూ, తడబడుతూ, మళ్ళీ అదే చోట వెతుకుతూ పోయింది. గుడ్డివాడు గోడ తడుముకున్నట్టుంది ఆ చప్పుడు. తెర మీద సంఖ్యలు చాలాసేపు సున్నాల దగ్గరే నిలిచాయి. నడిమి పట్టీ మీదికి వచ్చేసరికి కదిలాయి. బొట్లకు బొట్లకు నడుమ, ఆమె వేలు ఎన్నడూ దిగని చోటు అది.

తంగరాజు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. మద్దెల వినబడింది. తెర నిండా చదరపు ముక్కలు. వాటి వెనక కిరీటం అంచు, సగం మీసం. హార్మోనియం. తర్వాత గొంతు. బొంగురుపోయిన గొంతు, జలుబు చేసినట్టు, అయినా చివరి మాటను పైకి ఎత్తి విసిరే గొంతు. పాట సగంలో తెగింది. దగ్గు. ఆ దగ్గుకు తంగరాజు అలవాటుగా మొహం చిట్లించాడు.

"మునీ. యాడుండావే? కొంచిం నీళ్ళు తే."

జనం నవ్వు. ఎవరిదో కేక: "మడుగులోనే ఉండావు గదా మామా, అవే తాగు." మళ్ళీ నవ్వు. ఆపైన శబ్దం ముక్కలై, గరగరమని ఆగిపోయింది.

తన పెదవులు నవ్వుతున్నాయని తంగరాజుకు కాసేపటికి తెలిసింది.

"అంకుల్." హర్ష గుమ్మంలోకి తల పెట్టాడు. "ఏమైనా వచ్చిందా? లైటు సెట్ చేసి గంటవుతా ఉంది."

తంగరాజు తెర ఆర్పాడు. "లేదు. చచ్చిపోయింది."

"ఆడియో కూడానా?"

"ఏమీ లేదు. బొట్టు పెట్టి పెట్టి చంపేసింది."

ఉద్యోగంలో ఆయన చెప్పిన మొదటి అబద్ధం అది. నోట్లో రుచి మారుతుందేమో అని చూసుకున్నాడు. మారలేదు.

"వేస్టు," అన్నాడు హర్ష. లైటు మడిచి, బైకుకు తగిలించుకుంటూ, టీ కొట్టు వైపు కేక వేశాడు. "సారీ పాటీ. పోయిందంట. మీరు ఊరికి పోవచ్చు."

అరక్కోణం రోడ్డులో పెళ్ళి మండపానికి పోవాల్సిన బైకు వెంటనే కదల్లేదు. ఫోను వచ్చింది, మాట్లాడాడు. అద్దంలో గడ్డం చూసుకున్నాడు. తంగరాజు స్టూడియో గుమ్మంలో నిలబడి చూశాడు. బల్ల మీద మునెమ్మ కదలకుండా కూర్చుని ఉంది. ఏడవలేదు. పసుపు గుడ్డను ఒళ్ళో పరిచి, మడిచి, మళ్ళీ పరుస్తోంది. ఆ కాసేపు ఆమెకు అట్లా అయిందంటే అది తన మాట వల్లనే. ఆయనకు తన మీద తనకు రోత పుట్టింది. చేతులు కడుక్కోవాలనిపించింది.

బైకు మలుపు తిరిగాక చేయి ఊపి పిలిచాడు. ఆమె నమ్మలేనట్టు వచ్చింది.

"పోయిందన్నాడే ఆ పిల్లోడు."

"వాడికి పోయింది. నువ్వు కూసోక్కా."

ఆ ఇయర్‌ఫోన్లు ఆయన సొంతం. వేరే చెవికి తగలనిచ్చినవి కావు. ఆమె తల నూనెతో తడిగా ఉంది. చెవుల మీద నెరిసిన వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. తంగరాజు ఒక్క క్షణం ఆగి, తన చేతులతోనే ఆ వెంట్రుకలు పక్కకు తీసి, ఇయర్‌ఫోన్లు పెట్టి సర్దాడు. మీట నొక్కాడు.

ఆమె ముఖం చూడటం ఇష్టం లేక గోడ వైపు తిరిగాడు. ఎవరి ఏడుపూ ఆయనకు వద్దు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. డ్రైవు మూత లేకుండా పడి ఉంది.

"వస్తా ఉండా," అని వినబడింది. చెవులు మూసి ఉండటం వల్ల గొంతు పెద్దగా వచ్చింది. "ఉండు, వస్తా ఉండా."

ఆయన వెనక్కు తిరిగాడు. మునెమ్మ సగం లేచి నిలబడి ఉంది, ఒక చేయి నడుము పక్కన, చెంబు పట్టుకున్నట్టు వంగి. తీగ లాగడంతో ఎక్కడున్నదీ తెలిసి కూర్చుంది. సిగ్గుపడింది.

"గొంతు కట్టిండాది ఆయనకు. ఆ పొద్దు మిరియాల చారు తాగమంటే వద్దన్నాడు. చూసినావా."

"చూసినాక్కా."

"ఇంగొక మాటు."

ఇంకొక మాటు వేశాడు. ఇంకా కొన్ని మాట్లు. ఆమె ఏడవలేదు. ప్రతిసారీ కుర్రాడి కేక దగ్గర తిట్టింది. వాడు గంగన్న కొడుకంట, ఇప్పుడు రేషన్ షాపులో ఉన్నాడంట.

బొత్తాముల ఫోను ఆమెది. దాని చిప్పులోకి ఆ ముక్క ఎక్కించి, ఎక్కడ నొక్కాలో చూపించాడు. నొక్కి, ఫోనును చెవి దగ్గర పెట్టుకుంది, ఎవరో పిలిచినట్టు. తల ఊపింది. బయల్దేరుతూ డిస్కును తిరిగి తీసుకుంది. శుభ్రంగా, వెలవెలబోతున్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంగ బొట్టు పెట్టగూడదా?"

తంగరాజు ఆలోచించాడు. "ఇంగ పెట్టుకోక్కా. ప్రాణం ఫోన్లోకి వచ్చేసినాది."

ఆమె సంచిలోంచి ఒక పొట్లం తీసింది. అరిటాకు, మీద పేపరు, మీద దారం. "చిత్రాన్నం. నాకని కట్టుకున్నా. ఇప్పుడు ఆకలి లేదు. తిను తమ్ముడూ, మొకం పీక్కుపోయిండాది నీది."

వేండాం, వద్దు అనబోయాడు. ఆమె అప్పటికే ఫోను చెవికి పెట్టుకుని మెట్టు దిగుతోంది. పొట్లం ఆయన చేతిలో ఉండిపోయింది. వేళ్ళ పసుపు పేపరు మీద అచ్చుపడి ఉంది.

ఎండ ఇంకా ఉండగానే దుకాణం మూసి స్టేషనుకు నడిచాడు. దారిలో చెత్తకుండీ కనబడింది. దాని చుట్టూ కుక్కలు, గుండు వెంట్రుకల మూటలు, నమిలి ఉమ్మిన చెరుకు పిప్పి. పొట్లం అందులో వేయబుద్ధి కాలేదు. స్టేషనులో వేద్దామనుకున్నాడు. అక్కడ కుండీ లేదు.

చెన్నై పోయే కరెంటు రైల్లో జనం పలచగా ఉన్నారు. కిటికీ కింద ఎవరో ఉమ్మిన వక్కాకు మరక చూసి సీటు మారాడు. రెండో చోట వేరుసెనగ పొట్టు. మూడో చోట కూర్చున్నాడు. భుజం నొప్పి మోచేతికి దిగింది. చెమట పట్టింది. అరక్కోణం దాటాక కిటికీలోంచి మంచి గాలి వచ్చింది. ఎక్కడో వాన పడినట్టుంది. ఎదుటి సీట్లో చీర అంగడి సంచులతో కూర్చున్న ఒకామె ఆయన ముఖం చూసి, ఏమీ అడగకుండా, తన పక్క కిటికీ తలుపు కూడా పైకెత్తింది.

పొట్లం ఒళ్ళో పెట్టుకున్నాడు. విసిరేయాలంటే కిటికీ చాలు. దారం ముడి మీద వేలు పెట్టాడు. ముడి చిన్నది, గట్టిది, ఎంతో జాగ్రత్తగా వేసింది. తెంపకుండా గోరుతో విప్పబోయాడు. గోరు లేదు. చాలాసేపు పట్టింది. చింతపండు, ఇంగువ, వేయించిన సెనగపప్పు వాసన వచ్చింది. కడుపు తిప్పుతుందని ఎదురుచూశాడు.

తిరువాలంగాడులో చీరల సంచుల ఆమె దిగిపోయింది. దిగుతూ చూస్తే ఆయన కిటికీ వైపు తల వాల్చి ఉన్నాడు. పాపం, అలసిపోయినట్టున్నాడు అనుకుంది. ముఖం ప్రశాంతంగా ఉంది. మూతి వంకర ఏమీ లేదు.

కడంబత్తూరు దాటింది. దాణా గోడౌను ఆయన కూర్చున్న వైపే వచ్చి, వెనక్కు పోయింది. తిరువళ్ళూరులో రైలు ఆగింది. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. తంగరాజు దిగలేదు.

చెన్నైలో పెట్టె ఊడ్చే ఆమె వచ్చి, "అయ్యా, చివరి స్టేషను," అని తమిళంలో రెండుసార్లు చెప్పి, భుజం తట్టి, చేయి వెనక్కు తీసుకుంది. పరుగెత్తుకుంటూ పోయి రైల్వే పోలీసులను పిలుచుకొచ్చింది. వాళ్ళు స్ట్రెచరు మీద ఆయన్ని దించుకుపోయాక మిగిలిన చోటు ఊడ్చడానికి మళ్ళీ లోపలికి వచ్చింది. ఆయన చుట్టుపక్కల కింద ఒక్క మెతుకు పడలేదు. సీటు మీద మాత్రం, నాలుగు అంచులూ సమంగా మడిచి, విప్పిన దారంతోనే మళ్ళీ ముడి వేసిన అరిటాకు పొట్లం ఉంది. అన్నమేమోనని ఆమె ఎత్తి చూసింది. అది ఆకంత తేలికగా ఉంది.